కోలుకొనే మనస్సుకు లక్ష్యం ఎవరు నిర్ణయించాలి?

కాలి కట్టు విప్పిన మరునాడే కొడుకును పరుగుపందెంలో నిలబెట్టే తండ్రి ఎక్కడా ఉండడు. కాని మానసిక వ్యాధికి చికిత్స పొంది తిరిగి వచ్చిన బిడ్డను మాత్రం, "పోయిన చదువంతా ఈ ఏడే అందుకోవాలి, ఫస్టుక్లాసు తేవాలి" అని తొందరపెట్టే పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఆ తొందరలో ప్రేమ ఉన్నది, అవగాహన లేదు.

కొన్నేళ్ల క్రితం నా విద్యార్థి ఒకడు తీవ్రమైన కుంగుబాటుకు లోనై, అయిదు నెలల తరువాత తరగతికి తిరిగి వచ్చాడు. ఇంటివారు అతనికి పెట్టిన లక్ష్యం ఫస్టుక్లాసు. "నీవేమి అనుకొంటున్నావు?" అని అడిగితే, కొంతసేపు ఊరకుండి, "రోజూ రెండవ గంటకు వచ్చి కూర్చోవాలి సార్" అన్నాడు. రాత్రి వేసుకొన్న మందుల మత్తు మొదటి గంట వరకు అతనిని విడిచేది కాదు. తన శక్తిని తానే తూచి చెప్పిన మాట అది. మొదటి వారం మూడు రోజులే రాగలిగి, ఓడిపోయానని తల దించుకొన్నాడు. లక్ష్యాన్ని వారానికి నాలుగు రోజులకు తగ్గించుకొన్నాము. రెండు నెలలకు ఆరు రోజులూ వచ్చాడు.

ఉత్సాహం వచ్చిన తరువాత పని మొదలుపెట్టుదామని మనం అనుకొంటాము. కుంగిన మనస్సు విషయంలో క్రమం తరచు తలక్రిందులుగా ఉంటుంది. చేయగలిగిన చిన్న పని చేసిన పిమ్మటనే ఉత్సాహం మెల్లగా మేల్కొంటుంది. కనుక లక్ష్యం చిన్నదిగా ఉండాలి, రోగి స్వయంగా ఎన్నుకొన్నదై ఉండాలి, అవసరమైతే తగ్గించుకొనే వీలుండాలి. అయితే లక్ష్యం మందుకు బదులు కాదు. వైద్యుని అడగకుండా మందు మానడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం ప్రమాదకరం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యసేవలలో ఇట్టి చికిత్స పొందే హక్కును అందరికీ కల్పించింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ఇక మిగిలినది మన వంతు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: కామెర్లు వచ్చిన విద్యార్థి హాజరు తగ్గితే వైద్యపత్రాన్ని ఏ దృష్టితో చూస్తామో, ఈ వ్యాధి విషయంలోనూ అదే దృష్టితో చూడాలి, ఆ పత్రంలోని సంగతి గోప్యంగా ఉంచాలి.

విద్యార్థి మిత్రులారా! అట్టి స్నేహితుడు తిరిగి వచ్చిననాడు, ఏమి జరిగిందని గుచ్చి అడగకండి. బెంచీమీద కొంచెం జరిగి చోటివ్వండి. "రేపు రెండవ గంటకు వస్తావు కదా!" అనండి. చాలును.