అప్పు చేసి చదివితే నిజాయితీ లేనట్టేనా?

"అల్లుడూ, ఆ గడిలో లేదని రాసెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు మామయ్య. భాలుబాసాలో మా ఇంటి అరుగు మీద నా చేతిలో ఉన్నది ఒక బ్యాంకు ఉద్యోగ నియామక ఫారం. అప్పు ఏదైనా చెల్లించకుండా ఉన్నారా అని అందులో ఒక ప్రశ్న.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి వీధులు ఊడ్చాడు. నాన్నా అదే చీపురు పట్టాడు. అది నా చేతికి రాకూడదని విద్యారుణం తీసుకున్నాం. చదువయ్యాక గడువు తీరి వాయిదాలు మొదలయ్యాయి, ఉద్యోగం మాత్రం రాలేదు. వాయిదాలు తప్పాయి. ఆ సంగతి ఫారంలో ఉన్నదున్నట్టు రాశాను. నియామకం రద్దయిందని రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. ఎందుకు కట్టలేకపోయావని ఎవరూ అడగలేదు.

అయినా మామయ్య సలహా తప్పే. రుణ చరిత్ర దాస్తే దాగేది కాదు. దాచినట్టు తేలితే అప్పుకు అబద్ధం తోడవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసులను దాచడం గురించి చెబుతూ, స్పష్టంగా అడిగినదానికి నిజం చెప్పి తీరాలంది. అదే తీర్పు, కేసు చిన్నదైతే దాచిన తప్పును కూడా పరిస్థితులు చూసి అధికారి మన్నించవచ్చంది. అంటే పోలీసు కేసు విషయంలో తూకం ఉంది. మరి అప్పు విషయంలో?

రుణ ఎగవేత రికార్డు గానీ, ప్రతికూల సిబిల్ నివేదిక గానీ ఉన్నవారు నియామకానికి అనర్హులని స్టేట్ బ్యాంకు తన నియామక ప్రకటనలోనే రాసింది. ఈ షరతు కింద జరిగిన ఒక నియామక రద్దును 2025లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. ప్రజల సొమ్ము చూసేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది వాదన. ఉండాల్సిందే. కానీ వాయిదా తప్పిందని చెప్పే నివేదిక, అది జల్సాకు తప్పిందా, జీతం లేక తప్పిందా చెప్పదు. ఉద్యోగం లేక అప్పు కట్టలేదు, అప్పు కట్టలేదని ఉద్యోగం లేదు. ఈ చక్రంలో క్రమశిక్షణ ఎక్కడ చూపాలి?

పెద్ద బాకీదారు సంగతి చూడండి. 25 లక్షలు, ఆపైన బాకీపడ్డవాణ్ని 'ఉద్దేశపూర్వక ఎగవేతదారు' అనాలంటే రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం షోకాజ్ నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, ఒక కమిటీ నిర్ణయాన్ని ఇంకో కమిటీ సమీక్షించాలి. అతని ఉద్దేశాన్ని విచారించే వ్యవస్థ, పాకీపని చేసినవాడి మనవడి ఉద్దేశాన్ని ముందే తేల్చేస్తుంది.

1917లో అంబేడ్కర్ బరోడా వెళ్లింది, స్కాలర్‌షిప్ కోసం రాసిచ్చిన ఒప్పందం ప్రకారం అక్కడ కొలువు చేయడానికి. తలదాచుకోను చోటు దొరక్క పార్సీ సత్రం రిజిస్టరులో పార్సీ పేరు రాయించాల్సి వచ్చింది. ఆ సంగతి దాచకుండా తనే రాసుకున్నాడు. ఆ రిజిస్టరు చూసి ఆయన్ని అబద్ధాలకోరు అనగలమా? నిజం చెబితే తలుపు మూసే సమాజానిది కాదా ఆ అబద్ధం?

నేను దయ అడగడం లేదు. విద్యారుణ బకాయిని ఎగవేతగా లెక్కించే ముందు నోటీసివ్వండి, జవాబు వినండి. చేరాక జీతం నుంచి వాయిదాలు కోసుకోండి. నిజం రాసినవాడే నష్టపోతే, రేపు మా బస్తీ పిల్లలకు మామయ్య మాటే పాఠమవుతుంది.