గుర్తింపు లేని గూడేల్లో ఆరోగ్యం

ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, అది సంపూర్ణమైన శారీరక, మానసిక, సామాజిక క్షేమమని 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి నిర్వచించింది. అంతకు ముందే, 1943లో, అమెరికా మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో మనిషి అవసరాలను వరుసగా పేర్చి, తిండీ నీరూ వంటివి తీరాక భద్రత, ఆ తరవాత ఆత్మీయత, గుర్తింపు ముందుకొస్తాయని ప్రతిపాదించాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసవచ్చి ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున బతుకుతున్న గుత్తికోయ ఆదివాసుల విషయంలో ఈ వరుస నిలవదు. అక్కడ ప్రభుత్వ గుర్తింపు లేనందువల్లే మంచినీరు అందడం లేదు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక, ఇరుపక్షాల హింసకు తాళలేక వేలాది ఆదివాసులు సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల అడవులకు చేరారు. ఈ పోరులో ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చినా, చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగలవారైన వీరికి తెలంగాణలో ఆ హోదా దక్కలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే అటవీ భూమి స్వాధీనంలో ఉండాలి. షెడ్యూల్డు తెగల హోదా లేనివారైతే ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో ఉంటూ దానిపైనే ఆధారపడ్డట్టు రుజువు చూపాలి. ప్రాణభయంతో కట్టుబట్టలతో వచ్చినవారికి అది అయ్యే పని కాదు.

గూడెం రికార్డులకు ఎక్కకపోతే బోరు పడదు, కరెంటు స్తంభం రాదు. ఎండాకాలంలో స్త్రీలు వాగు ఇసుకను చేతులతో తోడి చెలమ తీసి, తేటనీరు ఊరేదాకా కాచుకుని, సొరకాయ బుర్రతో కొద్దికొద్దిగా బిందెలో పోసుకుంటారు. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియని గుడిసెకు ఎవరూ గట్టి గోడ కట్టుకోరు. మలేరియా దోమను చంపే మందును ఇంటి లోపలి గోడలపైనే పిచికారీ చేస్తారు గనుక, తడికెల గుడిసెలో దాని ప్రభావం అంతంతమాత్రమే. పంట కాపలాకు మంచె మీద పడుకునేవారికి ఇంట్లో కట్టిన దోమతెర కూడా అక్కరకు రాదు. ఈ స్థితిలో మాత్రలు ఎన్ని పంచినా జ్వరం మళ్లీ తిరగబెడుతుంది.

పోడు కోసం చెట్లు కూలుతున్నాయన్న అటవీశాఖ ఆందోళన, తమ భూమికి కొత్త వాటాదారులు వస్తారన్న స్థానిక కోయల భయం రెండూ నిజమైనవే. అయినా తాగునీటిని పట్టాతో ముడిపెట్టడం అన్యాయం. అటవీ హక్కుల చట్టంలోనే సెక్షన్ 3(2), గ్రామసభ సిఫారసు మీద, ఒక్కో అవసరానికి హెక్టారుకు లోబడిన అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, మంచినీటికి, బడికి, అంగన్‌వాడీకి, వైద్యశాలకు, రోడ్డుకు వాడుకునే వీలు కల్పిస్తోంది. ఈ పనికి భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, చొరవ తీసుకోవాలి. పట్టాల తగువు తేలడానికి ఏళ్లు పడుతుంది, పసిపిల్లల విరేచనాలు అంతకాలం ఆగవు. బోరు వేసినంత మాత్రాన భూమిపై ఎవరికీ కొత్త హక్కు పుట్టదని స్థానిక కోయల గ్రామసభలకు రాతపూర్వకంగా హామీ ఇస్తే, వాటి సిఫారసు పొందడం అసాధ్యమేమీ కాదు.