ఇంటిమాటలు: మెడమీది ముడుతలు

క్రిందటి మాసమున మాకు వచ్చిన జాబులలో మూడింటియందు నొక్కటే ప్రశ్న గలదు. ముఖ మింకను బాగుగనే యున్నను, నలువదియేండ్లు దాటగనే మెడ ముడుతలు పడి వయస్సును బయటపెట్టుచున్నదనియు, కత్తి తాకకుండ దీనికి జికిత్స గలదా యనియు వారడిగినారు. అందొక సోదరి తన రెండుపేటల గొలుసును కుదువబెట్టి పట్టణమున కేగి సూదిమందు వేయించుకొన దలచితినని వ్రాసినది. మెడలోని నగను విడిచి మెడకు మెఱుగు పెట్టించుకొనుట మాకు వింతగా దోచినది. అయినను నవ్వి యూరకుండక, తెలిసినంత వఱకు వ్రాయుచున్నాము.

మొదట నొక మాట. కావ్యములు చదివినవారికి 'కంబుకంఠి' యను పదము క్రొత్త గాదు. మెడను శంఖముతో బోల్చుట దాని నునుపుచేతనే గాదు, రేఖలచేతను. అమరసింహుడు తన నిఘంటువున మూడు రేఖలు గల కంఠమునకే కంబుగ్రీవ యని పేరిడినాడు. ఆ యడ్డగీతలనే నేటి సౌందర్యశాలలవారు 'వీనస్ వలయములు' అని పిలిచి, వానిని బూడ్చుటకు వెల కట్టుచున్నారు. ఇవి పసిబిడ్డల మెడలయందును గనబడును. మన పెద్దలు శుభలక్షణముగ నెన్నినదానిని డబ్బిచ్చి చెఱపించుకొన నేల?

వయస్సుచేత గలుగు మార్పు వేఱు. మెడ చర్మము ముఖచర్మముకంటె పలుచన. నూనె గ్రంథులును తక్కువ. చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెన్, ఎలాస్టిన్ అను తంతువులు ఏటేట క్షీణించును. ముట్లుడిగిన పిదప నీ క్షయము మఱింత వేగమగును. వీనికి తోడు ఎండ. మా తరిగొప్పుల ప్రాంతమున నాట్లు వేయునప్పుడును, ప్రత్తి యేరునప్పుడును స్త్రీలు వంగియుందురు గదా! ముఖము నీడన నుండగా మెడవెనుక భాగము సూర్యుని పాలగును. ఇంకను దవడనుండి భుజమువఱకు చర్మముక్రింద బఱచుకొన్న 'ప్లటిస్మా' యను పలుచని కండరము కలదు. దాని యంచులు వయస్సుతో త్రాళ్లవలె పైకి తేలును. కావున ముడుత యొకటి, త్రాడు వేఱొకటి, గడ్డముక్రింది కొవ్వు మఱియొకటి. అన్నిటికి నొకే మందు పనికిరాదు. మ్రింగునప్పుడు పైకి క్రిందికి గదలు వాపు కొవ్వే గాదు. అది థైరాయిడు గ్రంథి కావచ్చును. దానిని వైద్యునకు జూపవలెను.

త్రాళ్లవలె తేలిన కండరమునకు బొటులినమ్ విషమును మిగుల నల్పముగ సూదితో నెక్కింతురు. దీనినే జనులు బోటాక్స్ అందురు. కండరము సడలి త్రాళ్లు అణగును. 2007లో లీవీ యను వైద్యుడు దవడయంచును దిద్దు నిట్టి పద్ధతిని బ్రకటించి, పొడవైన కంఠమునకు బేరుగాంచిన ఈజిప్టు రాణి నెఫర్టీటి పేరు దానికి బెట్టినాడు. అమెరికా దేశపు ఔషధాధికార సంస్థ మెడ త్రాళ్లకు దీనిని 2024 అక్టోబరులో నంగీకరించినది. ఫలము మూడు నాలుగు మాసములే. పిమ్మట మరల సూది, మరల సొమ్ము. చేయి తప్పినచో మ్రింగుట కష్టమగును, మెడ నిలువక వ్రాలును. గర్భిణులును, బాలింతలును దీని జోలికి బోరాదు. కొవ్వును గరగించు డియాక్సీకోలిక్ ఆమ్లము 2015లో నంగీకారము పొందినది. అది దాపున నున్న నరమునకు దగిలినచో కొంతకాలము నవ్వు వంకరపోవును. చర్మమును లోన వేడిచేసి బిగించు అతిధ్వని తరంగములు, రేడియో తరంగములును గలవు. వానివలన గొంత బిగువు వచ్చును గాని, బాగుగ వ్రేలాడు చర్మము పైకి లేవదు. లేజరు, ఆమ్లపు పూతల విషయమున మనబోటి చామనచాయవారు మిక్కిలి జాగ్రత్త పడవలెను. కాలిన చోట నల్లని మచ్చలు మాసముల తరబడి నిలుచును. పై పనులన్నియు చర్మవైద్యమున బట్టము పొందినవారు చేయదగినవి, సౌందర్యశాలలో రెండువారములు నేర్చినవారు గాదు. గొలుసు కుదువబెట్ట దలచిన సోదరీ, మూడు మాసముల ముచ్చటకు నగను బోగొట్టుకొనకుము.

ఇక మాకు మిక్కిలి ముఖ్యముగ దోచు విషయము. కొందఱి మెడవెనుకను ప్రక్కలను చర్మము నల్లబడి, మందమై, మఖమలువలె నుండును. దానిని మురికి యనుకొని బీరపీచుతోను నిమ్మచెక్కతోను రక్తము వచ్చునట్లు తోముదురు. పెండ్లి చూపులకు ముందు కన్నెపిల్లలను గూర్చుండబెట్టి తల్లులే తోముట మేమెఱుగుదుము. అది మురికి గాదు. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అను నా నలుపు తఱచుగ రక్తమున ఇన్సులిన్ మితిమీరుటచేత గలుగును; మధుమేహమునకు ముందే కనబడు గుఱుతు. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధనామండలి లెక్క ప్రకారము మన దేశమున మధుమేహులు సుమారు 10 కోట్లు, ఆ త్రోవలో నున్నవారు 13 కోట్లకు పైగా. అట్టి మెడ గలవారు సున్నిపిండి కట్టిపెట్టి చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ముప్పదియేండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రుసుము లేకయే చేయుదురు. బరువు తగ్గినచో నలుపును క్రమముగ దగ్గును. సన్నని దేహము గలవారికి నడివయస్సు దాటినపిదప నకస్మాత్తుగ నిది వచ్చినచో అరుదుగ లోపలి పుండునకు సూచన; ఆలస్యము కూడదు.

అంగడిలో దొరకు తెలుపు పూతలను ఈ నలుపునకు రాచువారు కలరు. వానిలో స్టిరాయిడు మందు కలిసియున్నచో మొదటివారము మెఱయును, పిదప చర్మము పలుచబడి ఎఱ్ఱని నరములు తేలును. ఇట్టి మందులను వైద్యుని చీటి లేక యమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో నియమము గావించినది. చీటి యడుగని యంగడులు నేటికిని గలవు, మీరే యడుగుడు.

ఖర్చు లేని పని యొకటి చెప్పెదము. ఆస్ట్రేలియాలో 903 మందిని నాలుగున్నర యేండ్లు పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించినారు. ప్రతిదినము ఎండపూత రాచుకొన్నవారికి, ఇష్టము వచ్చినప్పుడు రాచుకొన్నవారికంటె చర్మపు ముసలితనము 24 పాళ్లు తక్కువగ గలిగెనట. పూత కొనలేనివారు చేనికి బోవునప్పుడు చెంగును మెడవెనుకకు గూడ గప్పుకొనుడు. కొనువారు ముఖముతో నాపక గొంతుగుంటవఱకు రాచుకొనుడు; రెండు గంటలకు మరల రాచుకొనుడు. స్నానమైన వెంటనే తడియారకముందే కొంచెము కొబ్బరినూనెగాని వాసెలైనుగాని మెడకు నలదుకొనవచ్చును. రాత్రివేళ రాయు రెటినాయిడు పూత వైద్యుని సలహాతోనే మొదలుపెట్టవలెను. గర్భిణులు దానిని ముట్టరాదు.

గిల్టు గొలుసులచేత మెడకు వచ్చు దురదను గూర్చి యడిగిన సోదరికి రాబోవు సంచికలో వ్రాయుదుము. అంతవఱకు ఆ గొలుసు తీసి పెట్టెలో నుంచుకొనుడు.