నిగ్రానీ వేరు, తజస్సుస్ వేరు



బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఉన్నారు. అక్కడినుంచి షౌహర్ కొత్త ఫోన్ పంపుతాడు. బీవీ ఎక్కడికెళ్లింది, ఎవరితో మాట్లాడింది అని తనకు చెప్పే యాప్ కూడా అందులో పెట్టి పంపితే తప్పేముంది అంటారు కొందరు. "పైసలు నావి, ఫోన్ నాది" అన్నది వాళ్ల దలీల్.

షరీఅత్ ముందు ఈ దలీల్ నిలబడదు. సూరె హుజురాత్ 12వ ఆయత్ అతి అనుమానాన్నీ, తజస్సుస్‌నూ, అంటే ఒకరి గుట్టు వెతకడాన్నీ మనా చేసింది. సూరె నూర్ 58వ ఆయత్ ప్రకారం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం, ఇషా తర్వాత సొంత ఇంటి చిన్నపిల్లలు కూడా ఇజాజత్ అడిగే పెద్దల గదిలోకి రావాలి. ఆ ఇల్లు ఎవరి పైసలతో కట్టారన్న సవాల్ అక్కడ లేదు.

పైగా ఆమె ఫోన్‌లో ఆమె ఒక్కతే ఉండదు. చెల్లెలి కాపురం గొడవ, సహేలీ జబ్బు, అన్నీ ఆమెకు అప్పగించిన అమానత్. పరాయి ఆడవాళ్ల పర్దా మీద అంత పట్టింపున్న మనం, వాళ్ల మెసేజ్‌లు చదవడానికి ఎవరి ఇజాజత్ తీసుకున్నాం?

కానూన్ సంగతి. భార్యకు తెలియకుండా ఆమె ఫోన్ మాటలు రికార్డు చేసిన భర్త కేసులో, అది ఆమె ప్రైవసీని కాలరాయడమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2008 లా రిపోర్టుల్లో ఆ తీర్పు ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ తేల్చింది. 2025 జులైలో అదే కోర్టు, దంపతుల కేసుల్లో చాటుగా చేసిన రికార్డింగును గవాహీగా తీసుకోవచ్చంది. దాన్ని చూసి ఖుషీ పడేవాళ్లు మిగతాది కూడా వినాలి: ఒకరిపై ఒకరు నిఘా పెట్టే దాకా వస్తే ఆ బంధం అప్పటికే చెడిందని కూడా ఆ తీర్పే చెప్పింది.

పిల్లల మాట వేరు. వాళ్ల నిగ్రానీ అమ్మీ అబ్బాల జిమ్మేదారీ. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి లొకేషన్, ఏ యాప్ ఎంతసేపు వాడారన్నది చూపిస్తాయి, మెసేజ్‌లు చదివి పెట్టవు. బిడ్డకు చెప్పే పెట్టండి, వయసు పెరిగేకొద్దీ తగ్గించండి. కాలేజీకి వెళ్లే కూతురి లొకేషన్ చూస్తూ, అర్ధరాత్రి దాకా తిరిగే కొడుకుని వదిలేస్తే దాన్ని తర్బియత్ అనలేం. నాగాయలంక నుంచి రాత్రి బస్సులో వచ్చే అమ్మాయి తానే వాట్సాప్‌లో గంటపాటు లైవ్ లొకేషన్ పంపితే అది హిఫాజత్. ఇష్టం లేనప్పుడు ఆపేయడం ఆమె చేతిలో ఉంటుంది.

బెహనోం, వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైసెస్' ఒకసారి చూసుకోండి. తెలియని డివైస్ కనిపిస్తే లాగౌట్ చేయండి. ఇంట్లో భయం ఉంటే ముందు నమ్మకమైన మనిషికి చెప్పుకోండి.

భాయియోం, కాదంటే ఏమవుతుందోనని భయపడి ఇచ్చింది ఇజాజత్ కాదు. నికాహ్ రోజు వకీల్, గవాహ్‌లు లోపలికి వెళ్లి ఆమె ఇజాజత్ అడిగి వస్తారు. ఆ అడగడం ఆ ఒక్క రోజుతో ఖతం కావాలా?

వల్లాహు ఆలమ్.