మా వీథి ముచ్చటలు: ఆటకు కూలి

గడచిన మాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసి మిమ్ము విసిగించితిని. ఈ మాసమున బంతియాటను గూర్చి వ్రాయబూనితిని. "ఈమెకు బంతియాటతో నేమి పని?" యని నవ్వకుడు. మైదానములోని బంతికిని మన వంటింటి బియ్యపు డబ్బాకును గల సంబంధమును కొంచెము సేపటిలో మీరే గ్రహింతురు.

మా యిల్లు తార్నాకలో నున్నది. ప్రతిదినము తెల్లవారు జామున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములో నడచుట నాకు వాడుక. 1918లో స్థాపింపబడిన యా విద్యాలయమునకు 1939లో నిర్మాణము ముగిసిన ఆర్ట్సు కళాశాల భవనము ముఖము వంటిది. చెట్ల క్రింద పిల్లలు పోటీ పరీక్షల పుస్తకములు ముందు వేసికొని కూర్చుందురు. మైదానమున మరికొందరు పరుగెత్తుచుందురు. ఈ యిద్దరిలో ఎవరి కష్టము ఎక్కువయో నేను చెప్పజాలను. చదువుకొను పిల్లకు ఒక దీపమును ఒక పుస్తకమును చాలును. ఆడు పిల్లకు మాత్రము కడుపునిండ తిండి కావలెను.

మా వీథిలోని యొక ఆడపిల్లల హాస్టలులో వంట చేయు ఇల్లాలు నాకు చిరపరిచితురాలు. ఆమె కొమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచు, తన కళాశాల పక్షమున కాలిబంతి ఆడుచున్నది. మొన్న నొకనాడు ఆ తల్లి మా అరుగు మీద కూర్చుండి యిట్లనెను: "అక్కా, పిల్ల పొద్దున రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు ఆడుతున్నది. వచ్చి ఐదు రొట్టెలు తింటది. నేను కొన్న బూట్లు మూడు నెలలకే నోరు తెరిచినవి. బట్టల దుకాణమోళ్ళు సాయంత్రము పనికి వస్తే నెలకు ఎనిమిది వేలు ఇస్తమంటున్నరు. ఇంతకీ ఈ ఆటకు పైసలేమన్న ఇస్తరా?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నాకు మా తమ్ముడు జ్ఞప్తికి వచ్చెను. అతడును ఒక కళాశాల పక్షమున ఆడినవాడే. ఒక పోటీలో మోకాలు విరిగినది. కళాశాలవారు ఒక యోగ్యతాపత్రమును, వెండిపూత పూసిన యొక కప్పును ఇచ్చిరి. వైద్యునికి మాత్రము మా అమ్మ చేతి గాజులు రెండు పోయినవి. ఆ కప్పులో నిప్పుడు మా మరదలు అగరువత్తులు గ్రుచ్చుచున్నది. ఆట గౌరవమునకు గాని ధనమునకు గాదని ఆ దినములలో పెద్దలు చెప్పెడివారు. ఆ గౌరవము కళాశాలకును, ఆ వ్యయము మా అమ్మకును ఎట్లు పంచబడెనో వారు మాత్రము చెప్పలేదు.

మన నగరమునకు కాలిబంతి క్రొత్త గాదు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు భారతదేశము నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు స్వర్ణపతకము గెలుచుకొనెను. ఆ రెండు జట్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము మన హైదరాబాదువాడే. ఉస్మానియాలో పట్టము పొంది బడిపంతులుగా పని చేసినవాడు. జకార్తాలో గెలిచిన మరుసటి యేడే, 1963లో, పుట్టకురుపుతో కన్నుమూసెను. ఆయన శిష్యులలో తులసీదాసు బలరాము ఒకడు. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టినవాడు. అంత దూరమునుండి నగరమునకు అభ్యాసమునకై వచ్చుటకు సైకిలు బాడుగ యియ్యజాలనని యతడు చెప్పగా, రహీము ఆ బాడుగను తన జేబునుండి యిచ్చెనని చెప్పుదురు. ఆ పిల్లవాడు పిదప ఒలింపిక్సునకు పోయెను. సోదరీమణులారా, ఆ సైకిలు బాడుగయే నేటి నా వ్యాసమునకు మూలము. బడిపంతులు జేబు తడవికొనవలసి వచ్చినదన్నచో, తడవికొనవలసినవారు మరెవరో తడవికొనలేదనియే గదా అర్థము!

ఆ కాలమున ఆటగానికి కూలి మరొక రూపమున దొరకెడిది. రహీము శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను. ఆ యాటగాండ్రు పోలీసు శాఖలో ఉద్యోగులు. ఆటకు జీతము లేదు, ఆడువానికి ఉద్యోగము కలదు. రైల్వేలును బ్యాంకులును ఇదే మార్గమును అనుసరించినవి. మన మిథాలీ రాజును క్రికెట్టాడుచునే దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగము చేసినది. ఈ పద్ధతియందు నాకొక గౌరవము కలదు. కాలు విరిగినను నెల మొదటి తేదీన జీతము వచ్చును. మా ఇంట గాజులు నిలిచియుండెడివి. కాని ఉద్యోగము లభించునది పేరు వచ్చిన పిదప. పేరు రావలెనన్న పదునారవ యేటినుండి ఇరువదిరెండవ యేటి వరకు తల్లి పోషింపవలెను. ఆ యారేండ్లే కళాశాల యేండ్లు.

ఇప్పుడు సముద్రముల కావలి సంగతి వినుడు. అమెరికాలో ఫుట్‌బాలనగా మన కాలిబంతి గాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి, ఇనుప టోపీ వంటిది తలకు తగిలించుకొని, ఒకరినొకరు ఢీకొను ఆట. అచ్చట విశ్వవిద్యాలయముల జట్ల పోటీలకు లక్షమంది పట్టు ప్రేక్షకశాలలు కూడ కలవు. టెలివిజను కంపెనీలు కోట్ల డాలర్లు చెల్లించును. శిక్షకులకు గవర్నరుల కంటె పెద్ద జీతములు కలవు. ఇంతటి సంతలో ఆడు పిల్లవానికి మాత్రము చదువు, వసతి, భోజనములకు మించి యేమియు ముట్టరాదని నిబంధన యుండెడిది! చొక్కా మీద తన సంఖ్యను వేసి అమ్ముకొన్న డబ్బులో పైసాయైనను అతనిది గాకుండెను.

ఆ గోడ బీటలు వారుచు వచ్చినది. 2021 జూన్ 21న అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ఆల్‌స్టన్ అను క్రీడాకారుని వ్యాజ్యములో, చదువునకు సంబంధించిన సౌకర్యములకు హద్దులు పెట్టరాదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. తరువాతి నెల మొదటి తేదీనుండి క్రీడాకారులు తమ పేరును, రూపమును ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకొన ననుమతి లభించెను. 2025 జూన్ 6న క్లాడియా విల్కెన్ అను న్యాయమూర్తి (ఆమె స్త్రీ యగుట మీకు సంతోషము కలిగించు నని చెప్పుచున్నాను) ఒక రాజీనామాను ఆమోదించిరి. దాని ననుసరించి మొదటి సంవత్సరమున ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన క్రీడాకారులకు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచవచ్చును. వెనుకటి బకాయిల క్రింద సుమారు 280 కోట్ల డాలర్లు పదేండ్లలో చెల్లింపవలెను.

న్యాయము జరిగినదని నేను కూడ చప్పట్లు కొట్టబోయితిని. ఇంతలో పంపకపు వివరములు చదివితిని. వెనుకటి బకాయిలలో అధిక భాగము మగపిల్లల ఫుట్‌బాలునకు, బాస్కెట్‌బాలునకు పోవునట్లు లెక్క కట్టిరి. క్రొత్తగా పంచు సొమ్మునందును చాలచోట్ల నూటికి 75 పాళ్ళు ఫుట్‌బాలుకే కేటాయించిరి. విద్యాలయములందు స్త్రీ పురుషులకు భేదము చూపరాదను చట్టము ఆ దేశమున 1972నుండి కలదు. ఆ చట్టము చలవచేతనే అచ్చటి ఆడపిల్లలు ఈతలో, పరుగులో, బంతియాటలో లోకము మెచ్చునట్లు తయారైరి. ఈ పంపకము ఆ చట్టమునకు విరుద్ధమని 8 మంది క్రీడాకారిణులు 2025లోనే పై న్యాయస్థానమున కెక్కిరి. డబ్బు తెచ్చు ఆటకు కూలి పెరుగగా, డబ్బు తేని చిన్న యాటలను కొన్ని విద్యాలయములు మూసివేయుచున్నవి. ఆడు పిల్లవాడు విద్యార్థియా, ఉద్యోగియా యన్న చిక్కును పూర్తిగా విడలేదు. సంపాదించు కొడుక్కు పెరుగు వడ్డించి, కూతురికి మజ్జిగతో సరిపెట్టు ఇండ్లను మనము చూడలేదా?

మన దేశమున ఇంతటి సొమ్ము లేదు గనుక ఇంతటి తగవును లేదు. ఖేలో ఇండియా యను కేంద్ర ప్రభుత్వపు పథకమున ఎన్నికైన క్రీడాకారులకు శిక్షణ వ్యయముగాక నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చులకు ఇచ్చుచున్నారు. ఇది మెచ్చదగినది. కాని ఎన్నికైనవారికే అది. గెలిచినవారికి మనవారు లోపము చేయరు. 2022లో ప్రపంచ విజేతయైన నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీనునకు తెలంగాణ ప్రభుత్వము 2 కోట్ల రూపాయలు బహూకరించెను. 2024లో పోలీసు శాఖలో డీయస్పీ పదవి నిచ్చెను. ఆ జిల్లా పిల్లయే గుగులోత్ సౌమ్య కాలిబంతిలో దేశపు జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు జట్టులో చేరెను. ఈ పేర్లు విన్న ప్రతి తల్లికిని గుండె పొంగును. ఐనను పంట యింటికి చేరిన పిదప విత్తనములు పంచిన నేమి ఫలము?

వృత్తిగా ఆడు జట్లను నమ్ముకొందమన్నచో అదియు గాలిలో దీపమే. 2022 మార్చిలో దేశపు లీగు పోటీలో విజేతయైన హైదరాబాదు జట్టు, రెండు మూడేండ్లలోనే అప్పుల పాలై, 2025లో ఢిల్లీకి తరలిపోయెను.

మా వంటలక్క ప్రశ్నకు నేను చెప్పిన బదులిది. అమెరికావలె జీతము అడుగవద్దు. అడిగినను ఇచ్చువారు లేరు. కాని కళాశాల పేరు చొక్కా మీద వేసికొని ఆడు పిల్లకు గ్రుడ్లు, పాలు, బూట్లు, పొరుగూరి పోటీకి దారి బత్తెము, దెబ్బ తగిలినచో వైద్యము అను నివి దానము గావు. అడుగుటకు సిగ్గుపడవద్దు, నోటిమాటగా గాక కాగితము మీద అడుగుము. మగపిల్లల జట్టుకు ఏమి ఇచ్చుచున్నారో కనుగొని, అంతయు నడుగుము. ఆమె వినుచు వినుచు కొంగున ముడి వేసికొనెను.

అర్జీని ఆ రాత్రియే మా అరుగు మీద ముగ్గురము కూర్చుండి వ్రాసితిమి. పిల్ల వ్రాత చక్కగా నున్నది. "దెబ్బ తగిలినచో" అను వాక్యమును తల్లి తీసివేయుమన్నది, అశుభమట! నేను ఉండనిమ్మంటిని. చివరకు ఉన్నది. బూట్లకు ఆమె సగము, నేను సగము వేసికొంటిమి. ప్రిన్సిపాలుగారు సోమవారము చూతుమనిరట. బట్టల దుకాణమువారు మాత్రము ఆదివారములోపల బదులు చెప్పవలెనని కబురు పంపిరి.