కొండమీద నీళ్లెన్ని?

కొల్లేరు సరస్సు ఊళ్లలో ఎత్తు అంటే ఐదో కాంటూరే, అంటే ఎత్తును కొలిచే గీతే. 1999లో అభయారణ్యానికి హద్దు గీసింది అక్కడే, చేపల చెరువుల తగువంతా ఆ గీత చుట్టూనే. కలిదిండి వైపు ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం కాలవ రావాలి. ఇలాంటి శివారు ఊళ్లవాళ్లకు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ చల్లదనానికి లోటు లేదు, ఇబ్బందంతా నీటితోనే.

ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల నడుమ పెరిగిన మల్లమ్మ కథ స్థానికులది. పైన ఆమెకు గుడి ఉంది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోది, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవికని ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అటవీశాఖ చేతిలో అది అతిథిగృహంగా మిగిలింది, ఊరికి మాత్రం ఆయన పేరు పడింది. పాపం, మల్లమ్మ వెనక్కి పోయింది.

ఊటీని మొదలుపెట్టిందీ కలెక్టరే, కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్. అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది, 1908కల్లా అక్కడికి రైలు వచ్చింది. హార్స్‌లీ హిల్స్ మాత్రం నాలుగు బంగళాల దగ్గరే ఆగిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపడ్డాక మనకు ఊటీ లేదన్న బెంగ కొందరికి కలిగింది. గవర్నరు బంగళా ఉన్నా హార్స్‌లీ హిల్స్ ఆ లోటు తీర్చలేదు. దీన్ని పాలకుల నిర్లక్ష్యమనేవాళ్లున్నారు. నాకు సగమే నిజమనిపిస్తుంది.

మిగతా సగం నేల చెబుతుంది. ఊటీ చుట్టూ తనకన్నా ఎత్తయిన వాలులున్నాయి. వాటి మీద పడ్డ వాన కిందికి దిగుతుంది, వాగుకు కట్ట వేసి సల్లివాన్ చెరువు చేయగలిగాడు. రెండు రుతుపవనాలూ తడుపుతాయి. హార్స్‌లీ హిల్స్ కొండ నెత్తి మీది ఊరు. నాలుగు వేల అడుగులకు పైన ఉంది, దానిపైన నీరిచ్చే వాలు పెద్దగా లేదు. చుట్టూ రాయలసీమ కరువు నేల. కొండమీది గంగోత్రికి పేరు పెద్దదే గానీ అది చిన్న చెరువు. అక్కడి గాలిబండ అనే రాతి మీద నిలబడితే వీచే గాలికి మనిషి తూలతాడు. ఆ గాలి మోసుకొచ్చే వాన మాత్రం తక్కువ.

ఈ పొడిగాలే ఒకప్పుడు మందు. మదనపల్లె పీఠభూమే రెండు వేల అడుగులు దాటుతుంది. ఆ దగ్గర్లోనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగులకు ఆసుపత్రి వెలిసింది. ఆ చుట్టుపక్కలే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడి ఉంది. బోడిగా ఉన్న గుట్టల మీద అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, వాననీటిని నేలలోకి ఇంకించి లోయను పచ్చగా చేసుకున్నారు. పర్యాటకం పేరు ఎత్తినప్పుడల్లా అధికారులు ఊటీని తలుచుకుంటారు. చూసి నేర్చుకోవాల్సిన చోటు పక్కనే ఉందని ఎవరూ అనరు.

హంద్రీ-నీవా కాలవతో కృష్ణా నీళ్లు మదనపల్లె వైపు మళ్లాయి. అవి సాగుకు, తాగడానికి. కొండమీద ఈతకొలనులు నింపడానికి కాదు. రిసార్టుకు అనుమతి అడిగితే ముందు నీటిలెక్క అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో గదికెన్ని నీళ్లు, ఎక్కడి నుంచి వస్తాయి, మురుగు ఏ వాలుకు పోతుంది? జవాబు ట్యాంకరు అయితే ఆ దరఖాస్తు తిప్పి పంపాలి.