గీకిన ఇత్తడి తిరిగి రాదు

మా తాతగారి హార్మోనియం అటక దిగి మూడేళ్ళయింది. ఎమ్మిగనూరులో పద్యనాటకాలు తెల్లవార్లూ నడిచిన రోజుల్లో రంగస్థలం పక్కన కొలువుదీరిన పెట్టె అది. ఆయన పోయాక దాన్ని తెరిచినవారు లేరు. తిత్తి కొడితే గాలి ఆయాసపడేది. మధ్యమం మెట్టు నొక్కితే స్వరం కాస్త దిగి పలికేది. "దీని మీద పోసే డబ్బుతో కొత్త కీబోర్డు వస్తుంది గదా" అన్నారు ఇంట్లో. ఆ మాటకు జవాబే ఈ టపా.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. చవకగా చేసి పెడతానన్న ఒకరికి పెట్టె అప్పగించాను. ఆయన విప్పీ విప్పగానే ఆకురాయి అందుకుని, దిగిన రీడు కొసను గీకారు. కొస తేలికైతే స్వరం ఎక్కుతుంది. ఎక్కింది, సంతోషించాను. నాలుగు రోజులు వాయించేసరికి కొసన పేరుకున్న మురికి కూడా రాలిపోయి, స్వరం ఉండవలసిన చోటు దాటి పైకి పోయింది. దించడానికి ఈసారి మొదలు దగ్గర గీకారు. పలచబడిన ఇత్తడి నెల తిరగకుండా విరిగింది. అసలు జబ్బు మురికి. వైద్యం మాత్రం లోహానికి జరిగింది.

తరువాత ఆదోనిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. విరిగిన ముక్కను వేలి మీద పెట్టుకుని చూసి, "ఇత్తడిని కడాకు ముట్టుకోవల్ల నాయనా. గీకింది మళ్ళా అంటుకోదు" అన్నారు.

ఆయన చేసినదంతా ఒక వరుస. మొదట మెత్తని కుంచెతో రీడ్ల దుమ్ము దులిపారు. తిత్తి మడతల మూలల్లో తోలు అతికి గాలి పోకుండా చేశారు. మెట్ల కింద పురుగు తిన్న తోలు, ఉన్ని బట్ట మార్చారు. నీరసించిన స్ప్రింగులు సరిచేశారు. ఆ తరువాతే శ్రుతి చూశారు. తప్పు పలుకుతున్న స్వరాలలో చాలా వరకు వాటంతటవే దారికి వచ్చాయి! మిగిలినవి రెండే. వాటి కింద పలుచని రేకు దూర్చి, గీకడం, వినడం, మళ్ళీ గీకడం. విరిగినదాని స్థానంలో మరొక పాత పెట్టెలోని రీడు అమర్చారు.

వీణ బిరడ జారితే సుద్ద రాస్తాం. పియానోలో తీగ చుట్టిన మేకు వదులైతే కాస్త లావు మేకు దిగగొడతారు. వాటిలో శ్రుతి తీగ బిగువులో ఉంటుంది, దాన్ని మళ్ళీ బిగించుకోవచ్చు. హార్మోనియంలో శ్రుతి లోహపు ఒంట్లోనే ఉంటుంది. తొందరపాటును అది క్షమించదు.

1842లో పారిస్‌లో దెబేన్ పేటెంటు పొందిన వాద్యమిది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని వాయించుకునే పెట్టెగా మలిచారు. గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో వెలివేస్తే, ఆ ఆంక్ష సడలడానికి 1971 రావలసి వచ్చింది. మన నాటకం మాత్రం దాన్ని ఎన్నడూ వదలలేదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వెలిగిన నాటకసీమ మాకు పొరుగు కాదు, స్వంత జిల్లా. అటువంటి చోట పాత పెట్టె పాత సామాను లెక్కలోకి పోవడం నాకు బాధాకరం.

కొత్త కీబోర్డు మీద నాకు ద్వేషం లేదు. దానికి శ్రుతి చేయనక్కరలేదు, తిత్తి కొట్టే చెయ్యీ అక్కరలేదు. కాని పద్యం చివర రాగం తీసే నటుడి ఊపిరికి తగ్గట్టు గాలిని పెంచీ తగ్గించీ తోడు నిలిచేది ఆ చెయ్యే.

నా అభిప్రాయం ఒక్కటే. తక్కువ ఖర్చులో బాగుచేయించడమంటే తక్కువ కూలి ఇవ్వడం కాదు, తక్కువ గీకించడం. పెద్దాయన మూడు రోజుల పనికి అడిగిన కూలి కొత్త కీబోర్డు ధరలో నాలుగో వంతు కూడా కాదు. నేను బేరమాడలేదు. మొదట ఆడిన బేరానికి మూల్యం ఒక మధ్యమం.

మీ ఇళ్ళ అటకల మీద ఇటువంటి పెట్టెలుంటే ముందు దుమ్ము దులపండి. ఆకురాయి జోలికి తరువాత పోవచ్చు.